సావా గట్ల వెంట: 2014 వరదల్లో ఫుట్‌బాల్ అభిమానుల దారి

సావా నది స్లొవేనియాలో పుట్టి, క్రొయేషియా, బోస్నియా, సెర్బియాల మీదుగా వచ్చి బెల్‌గ్రేడ్ దగ్గర డాన్యూబ్‌లో కలుస్తుంది. 2014 మే నెల మధ్యలో ఈ నదికీ, కుడి వైపు నుంచి వచ్చి చేరే బోస్నా, డ్రీనా, కొలుబారా నదులకూ దాదాపు ఒకేసారి వరద వచ్చింది. గట్లు నిలబెట్టడానికి, సామాన్లు చేరవేయడానికి ముందుకొచ్చిన వాళ్లలో ఫుట్‌బాల్ అభిమాన సంఘాలు కూడా ఉన్నాయి. బెల్‌గ్రేడ్‌లో రెడ్‌స్టార్ వాళ్ల డెలియే, పార్టిజాన్ వాళ్ల గ్రోబరి. సరిహద్దు అవతల క్రొయేషియాలో డినమో జాగ్రెబ్ వాళ్ల బ్యాడ్ బ్లూ బాయ్స్, హాయ్‌డుక్ స్ప్లిట్ వాళ్ల టోర్సిడా. మామూలు రోజుల్లో వీళ్లు ఒకరి నీడ ఒకరు తొక్కరు. 1990 మే 13న జాగ్రెబ్ మాక్సిమిర్ స్టేడియంలో డినమో, రెడ్‌స్టార్ అభిమానులు తలపడ్డ రోజును, తర్వాత యుగొస్లావియా విడిపోతూ వచ్చిన యుద్ధానికి ముందస్తు సూచనగా అక్కడ ఇప్పటికీ తలుచుకుంటారు. అలాంటి వాళ్లు ఆ వారం ఒకే నది కోసం పనిచేశారు. ఆ దారి వెంట ఏ చోట ఏ పని ఉంటుందో, దాన్ని ఎలా చేయాలో, ఎక్కడ వేలు పెట్టకూడదో తేదీల వరసలో చెప్పుకొద్దాం.

మే 15, గురువారం: బెల్‌గ్రేడ్

అల్పపీడనం బాల్కన్ దేశాల మీద కదలకుండా నిలబడిపోయింది. బెల్‌గ్రేడ్, వాల్యెవో, లోజ్నిత్సాల్లో ఈ ఒక్కరోజే 100 మిల్లీమీటర్లు దాటి వాన కురిసింది. సెర్బియా ప్రభుత్వం దేశమంతటా అత్యవసర పరిస్థితి ప్రకటించింది.

వరద వార్త రాగానే చాలామందికి వెళ్లాలనిపిస్తుంది. ఎలా వెళ్లాలో తెలిసినవాళ్లు తక్కువ. అభిమాన సంఘాల బలం ఇక్కడే ఉంది. బయటి ఊరి మ్యాచ్‌కు వందలమందిని బస్సుల్లో తీసుకెళ్లి, లెక్క తప్పకుండా వెనక్కి తీసుకురావడం వాళ్లకు ప్రతి సీజన్‌లో ఉండే పనే. ఫోన్ల జాబితా ఉంటుంది, తెలిసిన బస్సు యజమానులుంటారు, మాట చెల్లే నాయకుడు ఉంటాడు. కొత్తగా పోగైన గుంపు ఈ మూడూ సమకూర్చుకునేసరికి రెండు రోజులు పోతాయి. వరదలో రెండు రోజులంటే గట్టు ఉండటానికీ పోవడానికీ మధ్య తేడా.

బస్సుకు యాభై మంది అనుకుంటే పదేసి మందిని ఐదు జట్లుగా విడదీసి, జట్టుకు ఒక పెద్దను పెట్టాలి. పేర్లు, ఇంటి ఫోన్ నంబర్లు కాగితం మీదే రాసి పెట్టుకోవాలి. టవర్లు పోయాక ఫోన్‌లోని జాబితా అక్కరకు రాదు. బయల్దేరే ముందు వెళ్లబోయే ఊరి అత్యవసర కేంద్రానికి ఒకే ఒక్కరు ఫోన్ చేసి ఎంతమంది, ఎన్ని గంటలకు, ఎక్కడికి రావాలో అడగాలి. పిలవని చోటికి పది బస్సులు పోతే, ఇసుక లారీలు వెళ్లాల్సిన దారి ఆ బస్సులతోనే మూసుకుపోతుంది.

మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, మందపాటి చేతి తొడుగులు, రెండు జతల మేజోళ్లు, వానకోటు, తలకు కట్టుకునే లైటు, రెండు రోజుల తిండి, మనిషికి రోజుకు కనీసం మూడు లీటర్ల తాగునీరు బస్సెక్కాలి. నడుం దాకా వచ్చే చేపలవాళ్ల బూట్లు వద్దు. ప్రవాహంలో కాలు జారితే వాటిలోకి నీళ్లు చేరి మనిషిని లేవనివ్వవు. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటినవాళ్లు వెళ్లేముందే వేయించుకోవాలి. సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే ప్రతి ఒక్కరూ ఓ పార తెస్తారు, సంచులూ సుతిలీ ఎవరూ తీసుకురారు. ముగ్గురికి ఒక పార చాలు. మద్యం, మంట కర్రలు ఇంట్లోనే ఉండాలి. పడవలవాళ్లు ఆపదలో వాడే సంకేతమే ఆ మంట, ఉత్సాహానికి వెలిగిస్తే ఎవరో ప్రమాదంలో ఉన్నారనుకుని పడవ అటు తిరుగుతుంది. క్లబ్బు టీషర్టు వేసుకుంటే తప్పేం లేదు, చీకట్లో మనవాళ్లను గుర్తుపట్టడానికి పనికొస్తుంది కూడా. జెండాలు మాత్రం వద్దు.

మే 16, శుక్రవారం: షాబాత్స్

ఈ రోజు కొలుబారా వరద ఒబ్రెనోవాత్స్ పట్టణాన్ని ముంచెత్తింది. కొలుబారా చిన్న నది. కొండల్లో పడ్డ వాన గంటల్లోనే ఊళ్ల మీదికొస్తుంది, గట్టు ఎత్తు చేసే వ్యవధి దొరకదు. సావా అలా కాదు. దాని వరద పైనుంచి కిందికి రావడానికి రోజులు పడుతుంది, నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయో ముందే చెప్పొచ్చు. జనం బలం పనికొచ్చేది ఇలాంటి నది దగ్గరే. సావా ఒడ్డునున్న షాబాత్స్ జనాన్ని సాయానికి పిలిచిందీ అందుకే. అది జోర్కా రసాయన కర్మాగారం ఉన్న ఊరు. అక్కడ గట్టు తెగితే నష్టం ఇళ్లతో ఆగదు.

బెల్‌గ్రేడ్ నుంచి పడమరగా ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. జాగ్రెబ్ వైపు పోయే హైవే మీద రూమా దాకా వెళ్లి, అక్కడ దక్షిణానికి తిరిగి, సావా వంతెన దాటితే ఊరు వస్తుంది. వంతెన మూసేస్తే తిరిగి వచ్చే దారి ఏదో బస్సు దిగకముందే డ్రైవర్‌తో మాట్లాడుకోవాలి.

ఇక బస్తాల పని. దీనికి చదువు అక్కర్లేదనుకుంటారు కానీ, తప్పుగా నింపిన వెయ్యి బస్తాల కంటే సరిగ్గా నింపిన మూడు వందలు మేలు. బస్తాను సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే నింపాలి. పదిహేను, పదహారు కిలోలు వస్తుంది. మూతి దాకా కూరితే బస్తా గుండ్రంగా బిగుసుకుపోయి పక్క బస్తాతో కలవదు, రెండింటి మధ్య సందులోంచి నీరు దారి చేసుకుంటుంది. పైగా మోసేవాడి నడుం గంటలో పడిపోతుంది. సగం నిండిన బస్తా కాలితో తొక్కగానే పరుచుకుని కిందిదాని మీద అతుక్కుంటుంది. చేతులు మారుతూ దూరం పోవాల్సిన బస్తాలకు మాత్రం మూతిని పైకంటా, లోపల ఖాళీ ఉండేలా వదులుగా కట్టాలి. దగ్గర్లోనే పేర్చేవాటికి కట్టడం దండగ. మూతి మడిచి, ఆ మడత బస్తా కిందికి పోయేలా, ప్రవాహం వచ్చే వైపుకు తిప్పి పెడితే చాలు.

ఒకరు సంచి పట్టుకోవాలి, ఒకరు పార వేయాలి, మూడోవాళ్లు పక్కకు చేర్చాలి. సంచి పట్టేవాళ్లు కాళ్లు ఎడంగా పెట్టి వంగి, మోచేతులు మోకాళ్లకు ఆనించి, సంచి అడుగు నేలకు తగిలేలా పట్టుకోవాలి. గాలిలో వేలాడదీస్తే ఇరవయ్యో సంచికే భుజాలు లాగుతాయి. ఇరవై నిమిషాలకోసారి ముగ్గురూ పనులు మార్చుకోవాలి. మూతి గుండ్రంగా ఉన్న పార ఇసుకకు బాగుంటుంది, చదరపు పార తర్వాత బురదకు పనికొస్తుంది.

గట్టు మీద పేర్చే చోట ముందు గడ్డి చెక్కేయాలి. గడ్డి మీద పేర్చిన గోడ కింద నుంచే నీరు జారిపోతుంది. గోడ అడుగుభాగం వెడల్పు దాని ఎత్తుకు మూడింతలు ఉండాలి. ఇటుకల వరసల్లాగే పై బస్తా కింది రెండింటి అతుకు మీద పడాలి. ప్రతి వరసనూ తొక్కాలి. నీటి వైపు ప్లాస్టిక్ పట్టా వేసేటప్పుడు బిగుతుగా లాగకూడదు, వదులుగా ఉంటేనే నీటి బరువుకు బస్తాల వంపుల్లోకి సర్దుకుంటుంది.

లెక్క విషయంలో చాలామంది మోసపోతారు. ముప్పై మీటర్ల పొడవున అడుగు ఎత్తు గోడకు సుమారు 600 బస్తాలు కావాలి. రెండు అడుగులకు 1,200 చాలవు, 2,100 కావాలి. మూడు అడుగులకు 4,500. ఎత్తుతోపాటు అడుగుభాగం వెడల్పూ పెరగడమే కారణం. 4,500 బస్తాలంటే 72 టన్నుల ఇసుక. ఇద్దరు మనుషులు గంటకు వంద బస్తాలు నింపి పేర్చగలరు, ఇసుక పక్కనే ఉంటే. గట్టు దాకా లారీ రాని చోట అందులో సగం కూడా సాగదు. కాబట్టి వచ్చినవాళ్లలో ఎక్కువమందిని నింపడానికి కాదు, మోత వరసలో నిలపాలి.

మోత వరసలో మనుషులు ఒకరికొకరు ఎదురుబొదురుగా, అడుగు అటూ ఇటూగా నిలబడితే నడుం పూర్తిగా తిప్పకుండా బస్తా చేతులు మారుతుంది. మీటరుకు ఒక మనిషి. బస్తా విసరకూడదు, చేతిలో పెట్టాలి. చీకట్లో విసిరిన పదహారు కిలోలు వేళ్లు విరగ్గొడతాయి. స్టేడియంలో పాడే పాటలు ఇక్కడ నిజంగా పనికొస్తాయి. లయ ఉంటే వందమంది చేతులు ఒకే వేగంతో కదులుతాయి, మధ్యలో బస్తాలు గుట్టపడవు. అయితే ఆ పాటలు ఇసుక కుప్ప దగ్గరే ఆగిపోవాలి. గట్టు మీద నిశ్శబ్దం కావాలి. ఎందుకో మర్నాటి రాత్రికి తెలుస్తుంది. మెగాఫోన్‌ను గట్టు బాధ్యత చూస్తున్న ఇంజినీరు చేతికిచ్చేయాలి. అభిమాన సంఘాలు చేయగలిగిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది బహుశా ఇదే: తమ నాయకుడు ఆయన మాట వింటున్నాడని అందరికీ కనిపించేలా చేయడం.

మే 17, శనివారం: గట్టు మీద రాత్రి

షాబాత్స్ దగ్గర సావా ఆరున్నర మీటర్లు దాటి, అంతకు ముందున్న రికార్డును వెనక్కి నెట్టింది. గట్టు పై నుంచి నీరు పొర్లితేనే ప్రమాదమని కొత్తవాళ్లు నది వైపే చూస్తుంటారు. తెలిసినవాళ్ల కళ్లు ఊరివైపు వాలు మీద, గట్టు కాలి దగ్గర, అంటే ఆ వాలు నేలను తాకే చోట ఉంటాయి. నాలుగైదు రోజులు నానిన మట్టికట్ట లోపలి నుంచే పోతుంది.

గట్టు కాలి దగ్గర చెమ్మ, తేటగా కారే సన్నని ఊట మామూలే. నీరు బురదగా వస్తే అది గట్టు మట్టిని మోసుకొస్తున్నట్టు. నేల నుంచి నీరు బుడబుడమని పొంగుతూ చుట్టూ ఇసుకను కుప్ప పోస్తుంటే అది బుంగ. గోదావరి గట్ల మీద కాపలా కాసిన వాళ్లెవరికైనా ఈ మాట వింటే గుండె జారుతుంది. ఆ శబ్దం వినబడాలంటే గట్టు మీద అరుపులు ఉండకూడదు.

బుంగ కనిపించగానే దాని నోట్లో బస్తాలు కుక్కాలనిపిస్తుంది. అదే అన్నిటికన్నా పెద్ద తప్పు. అక్కడ మూస్తే నీరు పక్కన ఇంకో చోట లేస్తుంది, ఒత్తిడి లోపలే పెరిగి గట్టు కాలే మొత్తం పోతుంది. బుంగ నోటికి రెండు మూడు అడుగుల ఎడంగా చుట్టూ బస్తాలతో బావి ఒరలా గుండ్రంగా కట్టాలి. లోపల నీరు నిలిచి ఎత్తు పెరిగేకొద్దీ కింది నుంచి వచ్చే ప్రవాహం బలం తగ్గుతుంది. ఎక్కడిదాకా ఎత్తాలంటే, వచ్చే నీరు తేటపడేదాకానే. తేటపడ్డ నీరు పొర్లిపోవడానికి ఒకవైపు దారి వదలాలి. నీటిని ఆపడం కాదు, మట్టి పోకుండా ఆపడం ఈ పని లెక్క.

కాపలా ఎప్పుడూ ఇద్దరిద్దరుగా తిరగాలి. ఒకరు గట్టు మీద, ఒకరు కాలి దగ్గర. అనుమానం వచ్చిన చోట కర్ర పాతి, రంగు గుడ్డ కట్టి, టైము రాయాలి. గంట తర్వాత వచ్చేవాళ్లకు ఊట పెరిగిందో లేదో తెలిసేది ఆ గుర్తుతోనే. ఎలుకలు, నక్కలు తవ్విన బొరియలు, ఎండిన చెట్ల వేళ్లు ఉన్న చోట్లు పగలే చూసి పెట్టుకోవాలి. నానిన గట్టు మీదికి వాహనం ఎక్కనివ్వకూడదు, మనుషులు కూడా ఒకేచోట గుంపుగా నిలబడకూడదు. గట్టు పోతే ఏ వైపుకు పరిగెత్తాలో ప్రతి జట్టుకూ చీకటి పడకముందే నడిచి చూపించాలి.

అదే రోజు ఎగువన క్రొయేషియా వైపు రాయెవో సెలో, రాచినోవ్‌త్సీల దగ్గర సావా గట్టుకు గండ్లు పడ్డాయి. గున్యా గ్రామం మునిగింది. ఎగువన గండి పడితే నీరు పొలాల్లోకి పరుచుకుని దిగువన ఒత్తిడి కొంత తగ్గుతుంది. షాబాత్స్ నిలబడింది. నిలబెట్టిన వాళ్ల శ్రమ నిజం, గున్యా మునగడం వల్ల దిగువకు దొరికిన ఊపిరీ నిజం. గెలుపు పాట పాడాలనిపించే క్షణంలో ఈ రెండోది మరిచిపోకూడదు.

మే 18, ఆదివారం: బెల్‌గ్రేడ్

ఈ రోజు రోమ్ మాస్టర్స్ టెన్నిస్ ఫైనల్లో నాదల్‌ను ఓడించిన సెర్బియా ఆటగాడు జొకోవిచ్ తన బహుమతి సొమ్మును వరద బాధితులకు ప్రకటించాడు. బెల్‌గ్రేడ్‌లో అప్పటికే నిరాశ్రయులతో పునరావాస కేంద్రాలు నిండుతున్నాయి. ఒక్క ఒబ్రెనోవాత్స్ నుంచే పాతికవేల మంది దాకా ఖాళీ చేయించారు.

గట్టు మీద నుంచి అలిసిపోయి వచ్చినవాళ్లను తిన్నగా గోదాముకు పంపకూడదు, ఓ రాత్రి నిద్రపోనివ్వాలి. గోదాములో ఎదురయ్యే ఇబ్బంది కొరత కాదు, పాత బట్టల కొండ. వాటిని విప్పి, తడివి తీసేసి, సైజుల వారీగా పెట్టేసరికి మనుషులు అరిగిపోతారు. పెట్టెకు ఒకే రకం సరుకు, పెట్టెకు రెండు పక్కలా రాత, అదీ వానకు చెరగని మార్కర్‌తో. పసిపిల్లల పాలపొడి, డైపర్లు, మందులు, లోదుస్తులు, బూట్లు వేరే గదిలో ఉండాలి. మందులు ఫార్మసిస్టు చూడకుండా బయటికి వెళ్లకూడదు. అభిమాన సంఘాల పిలుపులో "ఏదైనా తీసుకురండి" అనే మాట ఉండకూడదు. ఈ రోజు కావాల్సినవి నాలుగే చెప్పాలి, సాయంత్రానికి ఆ పిలుపు మార్చాలి, చాలినంత వచ్చాక ఆపేయమని కూడా చెప్పాలి. ఆపమని చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు.

మే 19, 20: ఒబ్రెనోవాత్స్

వెళ్లినా లోపలికి రానివ్వని చోటు. సెర్బియా కరెంటులో దాదాపు సగం ఇచ్చే నికోలా టెస్లా థర్మల్ కేంద్రం ఇక్కడే ఉంది, దాన్ని కాపాడుకోవడం మీదే అధికారులందరి దృష్టి ఉండింది. పట్టణం ఖాళీ చేయించారు. తమను ఆపేశారని ఉడుకు నెత్తురు వాళ్లకు కోపం రావడం సహజం. కానీ నిలిచిన నీటిలో తెగిన తీగలు, మూతలు లేచిపోయిన మ్యాన్‌హోళ్లు, చచ్చిన పశువులు, తేలుతున్న డీజిల్ ఉంటాయి. పడవ, లైఫ్‌జాకెట్, శిక్షణ లేనివాళ్లు లోపలికి పోతే రక్షణ దళం చేతికి మరో ఇద్దరిని అప్పగించినట్టే. ఈ రెండు రోజుల్లో పని పునరావాస కేంద్రాల దగ్గర ఉంటుంది. అక్కడ ఎవరెక్కడ ఉన్నారో జాబితా రాయడం, విడిపోయిన కుటుంబాలను కలపడం, ముసలివాళ్లకు మందుల చీటీలు తెచ్చిపెట్టడం లాంటివి చేయాలి. స్టాండ్స్‌లో గొంతు వినిపించే పని కాదు కాబట్టి చాలామందికి నచ్చదు. అయినా అవసరం ఇదే.

మే 21 నుంచి 23: జుపాన్యా వైపు

సెర్బియాలో మూడు రోజులు సంతాప దినాలు. క్రొయేషియాలో జుపాన్యా చుట్టుపక్కల ఊళ్లలో గున్యా జనం తలదాచుకున్నారు. గున్యాలో నీరు వారాల తరబడి నిలిచింది. నీరు దిగనంత కాలం చేయగలిగింది గోదాముల పనీ, పశువుల మేత రవాణా మాత్రమే.

మే 24 తర్వాత: డోబోయ్, మగ్లాయ్

బోస్నియాలో ఈ ఊళ్లున్న బోస్నా నది లోయలో నీరు ముందే దిగింది, బురద మిగిలింది. కెమెరాలు వెళ్లిపోయేదీ, మనుషులు నిజంగా కావాల్సిందీ ఇప్పుడే.

ఇక్కడ అన్నిటికన్నా ముందు మందుపాతరల సంగతి. 1992-95 యుద్ధంలో పాతినవి బోస్నియాలో లక్షకు పైగా మిగిలాయని అప్పటి అంచనా. వేల చోట్ల విరిగిన కొండచరియలు, వరద కలిసి వాటిని కదిలించాయి, హెచ్చరిక బోర్డులను కూడా లాక్కుపోయాయి. పుర్రె గుర్తున్న ఎర్ర బోర్డు కనిపించకపోతే ప్రమాదం లేదని కాదు. తారు రోడ్డు, ఇంటి వాకిలి దాటి గడ్డిలోకి, నది ఒడ్డున ఒండ్రు మీదికి అడుగు వేయకూడదు. మూత్రానికైనా సరే. బురదలో ఇనుప డబ్బా లాంటిది కనిపిస్తే ముట్టకుండా, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచి, దూరం నుంచి గుర్తు పెట్టి, పోలీసులకు చెప్పాలి.

ఇంట్లోకి వెళ్లేముందు కరెంటు మీటరు దగ్గరే ఆపి ఉందని ఎలక్ట్రీషియన్ నోట వినాలి. నేలమాళిగలో నీరు నిండి ఉంటే ఒక్కరోజులో తోడేయకూడదు. బయటి నేల నీటితో నిండి గోడల్ని లోపలికి నెడుతుంటుంది, లోపలి నీరే వాటిని నిలబెడుతుంది. మొదట ఒక అడుగు మేర తోడి, గోడ మీద గీత గీసి, రాత్రంతా వదలాలి. తెల్లారేసరికి నీరు మళ్లీ ఆ గీత దాటితే ఇంకా తొందరే. నిలకడగా ఉంటే రోజుకు రెండు మూడు అడుగుల చొప్పున తగ్గించాలి. పంపు, జనరేటర్ ఎప్పుడూ ఇంటి బయటే, కిటికీలకు దూరంగా ఉండాలి. నేలమాళిగలో నడిపిన జనరేటర్ పొగకు వాసన తెలియకుండానే మనుషులు పోతారు.

బురద తడిగా ఉండగానే తీయాలి. ఎండిందంటే సిమెంటులా పట్టుకుంటుంది. పై అంతస్తు నుంచి కిందికి, లోపలి గది నుంచి వాకిలికి రావాలి. చదరపు పారతో తోసి, బకెట్లతో చేతులు మార్చి, మిగిలింది నీళ్లతో కడిగి తోయాలి. వీధిలో కుప్పలు వేరువేరుగా పడాలి. చెక్క సామాను ఒకచోట, ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ ఒకచోట, పురుగు మందుల డబ్బాలు ఇంకోచోట. కలిపేస్తే ఎత్తే లారీ ఏదీ తీసుకుపోదు. ఏ వస్తువైనా పారేసే మాట ఇంటివాళ్ల నోటి నుంచే రావాలి. తడిసిన ఫోటోలు, పత్రాలు కనిపిస్తే శుభ్రమైన నీటిలో మెల్లగా ముంచి తీసి, వెంటనే ఆరబెట్టే తీరిక లేకపోతే ప్లాస్టిక్ సంచుల్లో వేసి ఫ్రీజర్‌లో పెట్టించాలి. అవి తర్వాత విడదీయొచ్చు.

కడగకుండా బ్లీచింగ్ చల్లడం వృథా, బురద దాని శక్తినంతా తినేస్తుంది. సబ్బు నీళ్లతో కడిగాక, 20 లీటర్ల బకెట్‌కు పావు లీటరు మామూలు బ్లీచింగ్ ద్రవం కలిపి, నీరు పీల్చని నేల మీదా గోడల మీదా తుడవాలి. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో, యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

నానిన గోడకు వెంటనే రంగు వేసి, నేల మీద కొత్త చెక్క పరిచి ఇల్లు బాగుచేశామనిపించడం ఇంటివాళ్లకు చేసే కీడు. లోపలి తేమ బయటికి పోక నెలలోనే బూజు పడుతుంది. పూత గీకేసి, కిటికీలు తెరిచి వారాల తరబడి ఆరనివ్వాలి, చెక్కలో తేమ 15 శాతానికి అటూ ఇటూగా దిగాకే కప్పాలి. అంటే మే నెలలో బురద ఎత్తిన ఇంటికి వడ్రంగి, తాపీ మేస్త్రీల అవసరం జులైలోనో ఆగస్టులోనో వస్తుంది. అప్పటికి కొత్త సీజన్ మొదలవుతుంది, బస్సులు మళ్లీ మ్యాచ్‌లకు తిరుగుతుంటాయి. బురద ఎత్తిన ప్రతి ఇంటి చిరునామా, ఏ గది ఎంతవరకు అయిందీ, ఇంకా ఏం కావాలో ఇంటికో కాగితం రాసి సంఘం దగ్గర ఉంచాలి. సభ్యుల్లో ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, తాపీ పనివాళ్లు ఎవరెవరో కనుక్కుని, ఆ కాగితాలు వాళ్లకు పంచాలి.